కోళ్ళు ఒప్పుకున్న కాలువ

ఒక పెద్ద అడవిలో, వేసవి రాగానే చిన్నదైపోయే చెరువు ఒకటి ఉండేది.

ఆ చెరువు గట్టున పోలమ్మ అనే అడవిపంది ఆరుగురు పిల్లలతో కాపురం ఉండేది. ఏడుగురని చెప్పేవాళ్ళూ ఉన్నారు గానీ, వాళ్ళు ఆడుకోవడానికి వచ్చిన పక్కింటి పిల్లను కూడా లెక్కవేశారు. ఆరుగురే.

చైత్రం దాటేసరికి చెరువు గుంట అయింది. వైశాఖం సగమయ్యేసరికి గుంట బురద అయింది. పిల్లల్లో అందరికంటే చిన్నది, చెవులు తప్ప ఒళ్ళు లేనిది, ఆ బురదను నాకడం మొదలుపెట్టింది. నాకితే కడుపునొప్పి వస్తుందని పోలమ్మ పొద్దస్తమానం చెప్పేది. నాకకుండా ఏం చేయాలో మాత్రం చెప్పలేకపోయేది.

పైన గుట్ట మీద ఒక ఊట ఉంది. ఎంత ఎండ కాసినా ఎండదు. ఆ నీళ్ళన్నీ అవతలి వైపు రాళ్ళ సందుల్లోకి పోయి ఇంకిపోతాయి. ఇవతలి గట్టు తెంచి కాలువ తీస్తే చెరువులోకి వస్తాయి. ముట్టెతో తవ్వితే మూడు రోజుల పని. పోలమ్మకు ముట్టె ఉంది, మూడు రోజులూ ఉన్నాయి. లేనిదల్లా అనుమతి. అది లేకుండా ఊట నీళ్ళు ముట్టడానికి కూడా వీల్లేదు.

ఎందుకంటే అంతకు ముందు ఏడాదే ఆ అడవి నాగరికత నేర్చుకుంది.

నేర్పినవాడు కొంగ పంతులు. చలికాలం గడపడానికి వచ్చిపోయే వలసకొంగ. రెక్క బెణికి తిరిగి వెళ్ళలేక అడవిలోనే ఉండిపోయాడు. వాళ్ళ ఊళ్ళో ఆయన గూడు రోమువాళ్ళు నిలబెట్టిన రాతి స్తంభం మీద ఉండేది. అందుకని రోము సంగతులు ఆయనకు బాగా తెలుసు. చూసినవి వేరు, విన్నవి వేరు అని విడదీసి మరీ చెప్పేవాడు.

అడవి పెద్దలు రెండు రోజులు నోళ్ళు తెరుచుకుని విన్నారు. రోమువాళ్ళు కొండల నుంచి ఊళ్ళోకి రాతి కాలువల మీద నీళ్ళు తెచ్చారట. బాగుంది గానీ రాళ్ళు మోయాలి. బాణం వేసినట్టు తిన్నని బాటలు వేశారట. బాగుంది గానీ నేల చదును చేయాలి. చట్టాలు పలకల మీద చెక్కి నలుగురూ తిరిగే చోట పెట్టారట. అదీ బాగుంది గానీ, పెట్టాక పాటించాలి.

చివరికి కొంగ పంతులు కోళ్ళ సంగతి చెప్పాడు. రోములో ఏ పెద్ద పని తలపెట్టినా ముందు దేవుడి కోళ్ళ పంజరం తెరిచి గింజలు వేసేవారు. కోళ్ళు ఆత్రంగా తింటే దేవుళ్ళు ఒప్పుకున్నట్టు. తినకపోతే వద్దన్నట్టు. ఎగిరిపోతే మరీ అపశకునం.

సభకు పెద్ద ఎలుగుబంటి బంగారప్ప. ఆయన ముఖం మొదటిసారి వికసించింది.

"ఇదయితే మనవల్ల అవుతుంది," అన్నాడు.

అలా రోము నాగరికత మొత్తంలో కోళ్ళు మాత్రం ఆ అడవికి వచ్చాయి.

మూడు అడవికోళ్ళను పట్టి, వెదురు పంజరంలో పెట్టి, దైవ కుక్కుటాలని పేరు పెట్టారు. వాటిని చూసుకోవడానికి కోళ్ళ గురించి బాగా తెలిసినవాళ్ళు కావాలన్నారు. అనుభవం లెక్కలోకి తీసుకుంటే నక్క శోభనాద్రికి పోటీ ఎవరూ లేరు. ఆయన్ను కోళ్ళ అధికారిగా వేశారు. చేరిన రోజే శోభనాద్రి ఒక నియమం పెట్టించాడు. దైవ కుక్కుటాలను ఎవరూ ముట్టకూడదు, అవి నడిచే దారికి ఎవరూ అడ్డు రాకూడదు. ముట్టాలనే కోరిక ఎంత బలమైనదో ఆయనకు తెలుసు.

పోలమ్మ కాలువ కోసం అర్జీ పెట్టుకుంది. సభ కూడింది. పంజరం తెరిచి కొర్రలు చల్లారు. కోళ్ళు కన్నెత్తి చూడలేదు. దేవుళ్ళు వద్దన్నారని బంగారప్ప ప్రకటించాడు.

వారం తర్వాత శోభనాద్రి తనకొక చల్లటి గుహ కావాలని అడిగాడు. ఆ రోజు కోళ్ళు కొర్రలు తిని, కొర్రలు కట్టి తెచ్చిన ఆకు తిని, పంజరం వెదురు కూడా పొడిచి చూశాయి. దేవుళ్ళకు శోభనాద్రి అంటే ఎంత ఇష్టమో అని పెద్దలు ఆశ్చర్యపోయారు.

ఇందులో దేవుళ్ళ ప్రమేయం తక్కువ. శోభనాద్రికి కావలసిన పని ఉంటే కోళ్ళను రెండు రోజులు పస్తు పెట్టేవాడు. అక్కర్లేని పని అయితే పొద్దున్నే కడుపు పగిలేలా మేపి సభకు తెచ్చేవాడు. పోలమ్మ కాలువ ఆయనకు అక్కర్లేదు. ఊట చుట్టూ బురదలో పీతలున్నాయి. నీళ్ళు కిందికి పోతే పీతలూ పోతాయి. ఆయన రోజూ సాయంత్రం నాలుగు పీతలు తింటాడు.

పోలమ్మ రెండోసారి అర్జీ పెట్టింది. కోళ్ళు తినలేదు. మూడోసారి పెట్టింది. కోళ్ళు తినలేదు. ఈసారి ఆమె వెళ్ళిపోకుండా పంజరం దగ్గర నిలబడి వాటి ముఖాలు చూసింది.

"పెద్దయ్యా, ఇవి తినని కోళ్ళు కావు. తినొచ్చిన కోళ్ళు."

"నీకెలా తెలుసు?" అన్నాడు బంగారప్ప.

"ఆరుగురిని పెంచుతున్నాను. అలిగి తినని పిల్ల పక్కకు తిరిగి ఓరకంట చూస్తుంది. ముందే తిన్న పిల్ల ఆవలిస్తుంది."

అందరూ పంజరం వైపు తిరిగారు. చుక్కల కోడి ఆవలిస్తోంది.

బంగారప్ప చాలాసేపు ఆలోచించాడు. "కోళ్ళు తినకపోవడం దైవ నిర్ణయం పోలమ్మా. ఎందుకు తినలేదన్నది దేవుళ్ళ సొంత విషయం. అందులో మనం తలదూర్చకూడదు."

ఆ రోజు ఇంటికి వెళ్ళేసరికి చిన్నది బురద నాకడం మానేసి పడుకుని ఉంది. బురద నాకవద్దని చెప్పిన మాట వినడం అదే మొదటిసారి. పోలమ్మకు భయమేసింది. నేరుగా కొంగ పంతులు దగ్గరికి వెళ్ళి, కోళ్ళ మాట కాదన్నవాళ్ళు రోములో ఎవరూ లేరా అని అడిగింది.

ఒకడున్నాడన్నాడు పంతులు. ఒక సేనాని. ఓడ మీద కోళ్ళు తినలేదు. తినకపోతే తాగనివ్వండని వాటిని సముద్రంలోకి విసిరించాడట.

"తర్వాత?"

"యుద్ధం ఓడిపోయాడు. ఊరికి వెళ్ళాక శిక్ష కూడా వేశారు. ఇది విన్నదే తల్లీ, చూసింది కాదు."

పోలమ్మ ఓడనూ యుద్ధాన్నీ అక్కడే వదిలేసి, తాగడం అన్న మాట మాత్రం తీసుకుని సభకు వెళ్ళింది. విసరడం పాపమే, కానీ తాగడం పాపమని రోములో ఎవరూ అనలేదు కదా, కోళ్ళు తిన్నా తాగినా అంగీకారమే అనుకోవచ్చు కదా అని అడిగింది. రోము మాట కాబట్టి పెద్దలకు నచ్చింది. కోళ్ళ అధికారి అభిప్రాయం అడిగారు.

శోభనాద్రి లోపల నవ్వుకున్నాడు. చెరువులో చుక్క లేదు. ఊట నుంచి తేవాలంటే దానికీ అనుమతి కావాలి, అనుమతికి కోళ్ళు తినాలి.

"నాకేం అభ్యంతరం లేదు. పాపం, తాగితే తాగనివ్వండి," అన్నాడు.

అయినా జాగ్రత్త కోసం ఆయన ఈసారి మేత మార్చాడు. అడవి దిగువన ఏటి ఒడ్డున జాలర్లు ఉప్పు పట్టించి ఎండబెట్టిన చేపలు ఎత్తుకొచ్చి, కోళ్ళకు మెడ దాకా పెట్టాడు. ఇక ఒక్క గింజ పడితే ఒట్టు అనుకున్నాడు. అంతవరకూ సరిగ్గానే అనుకున్నాడు.

సభ కూడింది. పంజరం తెరిచారు. కొర్రలు చల్లారు. కోళ్ళు వాటిని తొక్కుకుంటూ బయటికి వచ్చాయి. ముక్కులు తెరిచి ఉన్నాయి, రెక్కలు వేలాడుతున్నాయి. చుక్కల కోడి ఎగరబోయింది. ఒళ్ళు లేవలేదు. దాంతో గుట్ట వైపు నడవడం మొదలుపెట్టింది. మిగతా రెండూ దాని వెనకే.

"ఎగిరిపోతున్నాయి, అపశకునం," అన్నాడు శోభనాద్రి.

బంగారప్ప కొంగ పంతులు వైపు చూశాడు.

"ఎగిరితే అపశకునమే. ఇవి నడుస్తున్నాయి," అన్నాడు పంతులు.

"నడిస్తే ఏమవుతుంది?"

"నడిచి వెళ్ళిన కోళ్ళ గురించి నేను వినలేదు. విననిది చెప్పలేను."

ఏమవుతుందో తెలియనప్పుడు వెంట వెళ్ళడమే క్షేమమని సభ మొత్తం లేచి కోళ్ళ వెనక నడిచింది. శోభనాద్రి పరుగెత్తి ముందుకు పోయి దారికి అడ్డంగా నిలబడ్డాడు. అడ్డు రాకూడదన్న నియమం నీదే కదయ్యా అని బంగారప్ప ఆయన్ను పక్కకు లాగాడు. బరువెక్కిన కోళ్ళు దారిలో మూడుసార్లు కూలబడ్డాయి. మూడుసార్లూ సభ కూడా కూర్చుంది.

ఊట దగ్గర చుక్కల కోడి నీళ్ళలో ముక్కు ముంచింది. తల పైకెత్తి ఆకాశం చూసింది. మళ్ళీ ముంచింది, మళ్ళీ ఆకాశం చూసింది. నీళ్ళు మింగడానికి ప్రతి కోడీ అంతే చేస్తుంది. పెద్దలకు మాత్రం ఒళ్ళు పులకరించింది.

"గుక్క గుక్కకూ దేవుళ్ళను అడుగుతోంది," అన్నాడు బంగారప్ప మెల్లగా. "పోలమ్మా, కాలువకు..."

ఆయన మాట పూర్తయ్యేలోపే పోలమ్మ ముట్టె మట్టిలో ఉంది.

మూడు రోజుల పని రెండున్నర రోజుల్లో అయింది. నీళ్ళు చెరువులోకి దిగాయి. నీళ్ళతో పాటు పీతలూ దిగాయి.

పెద్దలు ఊట దగ్గర ఒక పెద్ద బండ నిలబెట్టారు. ఈ కాలువను దైవ కుక్కుటాలు ప్రసాదించాయనీ, అప్పటి కోళ్ళ అధికారి శోభనాద్రి గారనీ దాని మీద చెక్కించారు. ఊట చుట్టుపక్కల నేలంతా కోళ్ళకు ఇచ్చేశారు. అధికారి కోళ్ళను వదిలి కదలకూడదు కాబట్టి, శోభనాద్రి తన చల్లటి గుహ వదిలేసి, బాగా కొవ్విన మూడు కోళ్ళ పక్కన, వాటిని ముట్టకుండా, బతికినంత కాలం ఎండలో కూర్చున్నాడు. చాలా గౌరవప్రదమైన పదవి.

కింద చెరువులో పోలమ్మ ఆరుగురినీ వరసగా నిలబెట్టి, చిన్నదాన్ని ముందుకు తోసింది. అది రెండు గుక్కలు తాగి తలెత్తింది.

"నీళ్ళు ఎవరు తెచ్చారమ్మా?"

పోలమ్మ ముట్టె మీద తోలు లేచిపోయి ఉంది. ఆమె దాన్ని తడిలో పెట్టుకుంది.

"కోళ్ళంట," అంది. "మెల్లగా తాగు, పొలమారుతుంది."

నీతి: దాహం పిల్లలకు వేస్తే అర్జీ, కోళ్ళకు వేస్తే దైవాజ్ఞ.