ఆరంగుళాల వేదిక

ఏ వస్తువు ఎక్కడ ఉండాలన్నది అది చేసే పనిని బట్టి కాక దాని హోదాను బట్టి తేలాలన్న మహాసత్యాన్ని సెల్‌ఫోన్ తెరకు మొట్టమొదట వర్తింపజేసిన ఘనత అటవీ సరిహద్దు గ్రామాల విద్యుత్ సేవల సమన్వయ మండలిదే. (ఇంత పొడుగు పేరు యాప్ గుర్తులో పట్టదని ఎవరో అన్నారు. అయితే గుర్తునే పెద్దది చేయండని జవాబు వచ్చింది.)

ఆ ఘనత దక్కడానికి ముందు మధులత అనే అమ్మాయి ఒక పొరపాటు చేసింది. యాప్‌ను పని చేసేటట్టు గీసింది.

మధులతది కొత్తగూడెం. తండ్రి బొగ్గు గనిలో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. చీకట్లో చెయ్యి చాపితే పానా అందాలనేది ఆయన పట్టుదల, అందకపోతే ఇంట్లో అన్నం కూడా సరిగ్గా తినేవాడు కాదు. కూతురు చదువుకుని యాప్‌ల తెరలు గీసే పనిలో పడింది. ఏ బటన్ ఎక్కడ ఉండాలి, ఏది పెద్దగా కనబడాలి, చుట్టూ ఎంత ఖాళీ వదలాలి, ఇదే ఉద్యోగం. మండలి ఆమెను ఔట్‌సోర్సింగ్ మీద తీసుకుని, పొలాల దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే రైతులు కబురు చేయడానికి ఒక యాప్ గీయమంది.

ఆమె తెల్లటి తెర మధ్యలో అరచేయంత ఎర్రటి బటన్ పెట్టింది. దాని మీద ‘కరెంటు లేదు’ అని రాసింది. నొక్కితే ఏ ట్రాన్స్‌ఫార్మరో, ఏ ఊరో లైన్‌మన్ ఫోన్‌కు వెళ్లిపోతుంది. అంతే యాప్.

దాన్ని పట్టుకుని జూలూరుపాడు అవతల అడవి అంచున ఉన్న తండాకు పోయి, బిచ్యా అనే రైతు చేత నొక్కించి చూసింది. బిచ్యాకు రెండెకరాల మిర్చి ఉంది. పోయినేడు పూత మీద ఉండగా ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే, లైన్‌మన్ ఫోన్ కలవక, ఆటోలో ఆఫీసుకు మూడుసార్లు తిరిగొచ్చేలోపు సగం చేను వాడిపోయింది. తండాలో సిగ్నల్ దొరికేది మోటారు గది స్లాబు మీద మాత్రమే. ఆయన స్లాబెక్కి, బటన్ నొక్కి, చిన్నపిల్లాడిలా నవ్వాడు.

“ఇది ఇట్లనే ఉంచు బిడ్డా,” అన్నాడు. “ఎతుక్కునే పని వెట్టకు. ఎతికే లోపల్నే పూత రాల్తది.”

ఇట్లాగే ఉంటుంది కాకా అని ఆమె మాటిచ్చింది. ప్రభుత్వ యాప్ విషయంలో మాటివ్వకూడదని ఆ వయసులో ఎవరికి తెలుస్తుంది?

తెర నమూనా ప్రోటోకాల్ సూపరింటెండెంట్ ఆదినారాయణ గారి బల్ల మీదికి వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్లుగా సభావేదికల మీద కుర్చీలు వేయించినవాడు, ఫ్లెక్సీల మీద ఎవరి ఫోటో ఎంత కొలతలో ఉండాలో టేపు పెట్టి తేల్చినవాడు. ఆయన వేసిన వేదిక మీద నుంచి ఇంతవరకూ ఒక్క నాయకుడు కూడా అలిగి దిగిపోలేదు. (ఒకాయన దిగబోయాడు గానీ, ఆదినారాయణ గారు ముందుగానే మెట్లు వేరే వైపు పెట్టించారు.) అంతటి అనుభవజ్ఞుడు ఆ తెరను చూసి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“చైర్మన్ గారు కూసునే జాగల బటన్ కూసున్నదేందమ్మా?”

తెర అంటే వేదిక కాదని, జనం వేలు పెట్టే చోటని మధులత చెప్పబోయింది. వేదిక కానిదంటూ లోకంలో లేదని ఆయన నెమ్మదిగా నచ్చజెప్పాడు. వారం తిరిగేసరికి నలభై ఒక్క అంశాలతో ‘తెర మర్యాదల నియమావళి’ తయారైంది.

దాని ప్రకారం పైసగం చైర్మన్ వెంకటప్పయ్య గారి ఫోటోది. మధులత గుండ్రటి చట్రం పెట్టి చూపిస్తే శాలువా అంచు తెగిపోతోందని తిప్పి పంపారు. ఆ ఫోటో కదలరాదు, కుదించరాదు, దాని మీద మరే వస్తువూ పడరాదు. మిగతా సగంలో పదకొండు విభాగాలు సర్దుకోవాలి. ఒకరి కింద ఒకరిని పేరిస్తే, కింద ఉండడానికి ఎవరూ ఒప్పుకోలేదు. పక్కపక్కనే పేరిస్తే ఒక్కొక్కరికి పంటిపుల్లంత వెడల్పు వచ్చింది. పోనీ కొన్నిటిని పై మూలన మూడు గీతల మెనూలో పెడదామని మధులత అంటే, స్టోర్స్ విభాగం వాళ్లు సెలవు పెడతామన్నారు. ఆ మూడు గీతల వెనక్కి పోవడమంటే, పనీ పలుకుబడీ లేని మూలకు తోసే లూప్‌లైన్ పోస్టింగేనని వాళ్ల లెక్క.

చివరికి ఆదినారాయణ గారే దారి చూపించారు. పదకొండూ గుండ్రంగా తిరుగుతాయి, తలా నాలుగు సెకన్లు ముందుకొస్తాయి. ఎవరూ కింద కాదు, ఎవరూ వెనక కాదు. ‘కరెంటు లేదు’ బటన్‌కు మాత్రం ఏ విభాగమూ దిక్కు లేదు కాబట్టి ‘పొదుపు సూక్తులు’కు, ‘అధికారుల పర్యటన చిత్రాలు’కు నడుమ ఇరికించారు. అంటే నలభై ఎనిమిది సెకన్లకోసారి నాలుగు సెకన్ల దర్శనం.

రంగు సంగతి మిగిలింది. ఎరుపు ఒక పార్టీది, గులాబీ ఒక పార్టీది, కాషాయం ఒకరిది, ఆకుపచ్చ ఒకరిది, నీలం ఇంకొకరిది, పసుపు సంగతి అడగనే వద్దు. ఏ పార్టీ ఇంకా కన్నేయని రంగు బూడిద ఒక్కటే. బటన్‌కు బూడిద రంగు వేస్తే పనిచేయడం లేదని అర్థమని మధులత లిఖితపూర్వకంగా రాసిచ్చింది. ‘పనిచేయుటకును రంగునకును సంబంధము లేదు’ అని కింద ఎర్ర సిరాతో రాసి వెనక్కి పంపారు.

యాప్ విడుదలైన మూడో నాడే బిచ్యా ట్రాన్స్‌ఫార్మర్ కాలింది. మధులత తండాకు పోయేసరికి ఆయన స్లాబు మీద గొంతుక్కూర్చుని, ఫోన్‌ను మోకాళ్ల నడుమ ఇరికించుకుని, వాగులో చేపకు కాపు కాసినట్టు చూస్తున్నాడు. బటన్ వచ్చినట్టే వచ్చి, వేలు తగిలేసరికి జారిపోతోంది. అప్పటికి పదిసార్లు ప్రయత్నించి, తొమ్మిదిసార్లు ఇదే యాప్ ప్రారంభోత్సవం ఫోటోలు చూశాడట. ఒక్కసారి మాత్రం సరిగ్గా దొరికింది గానీ, బూడిద రంగు చూసి ఆయనే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“ఇది సచ్చినట్టుంది బిడ్డా,” అన్నాడు తప్ప ఒక్క నిష్ఠూరం ఆడలేదు. కింద చేలో పూత మీదున్న మొక్కలు అప్పటికే తలలు వాల్చేస్తున్నాయి. ఇంకో రెండు రోజులు నీళ్లు పారకపోతే చేను దక్కదు. ఆమెకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. తాను గీసిన తెరే ఆ మనిషికి అడ్డం నిలబడింది మరి.

బస్సులో తిరిగొస్తూ నియమావళి మొత్తం చదివింది. (దాన్ని పూర్తిగా చదివిన మనిషి ఈమె ఒక్కతే. రాసినవాళ్లు ఎవరి అంశం వాళ్లే రాసి ఊరుకున్నారు.) ఫోటోను కదపరాదు, కుదించరాదు, కప్పరాదు అని ఉంది. తాకరాదని ఎక్కడా లేదు. ఆ సాయంత్రమే ఆమె చైర్మన్ గారి ఫోటోను బటన్‌గా మార్చేసింది. ఎక్కడ వేలు పెట్టినా, నుదురైనా మీసమైనా శాలువా అయినా, కబురు నేరుగా లైన్‌మన్‌కు పోతుంది. ఫైలులో మాత్రం ‘చైర్మన్ గారి చిత్రపటమునకు ప్రజల స్పర్శను స్వీకరించు సౌకర్యము కల్పించడమైనది’ అని రాసింది. ఆదినారాయణ గారు రెండుసార్లు చదివి, ఇన్నాళ్లకు ఈ పిల్లకు పద్ధతి తెలిసిందని మురిసిపోయి సంతకం పెట్టారు.

ఆమె ఫోన్ చేసి చెప్పగానే బిచ్యా స్లాబెక్కి చైర్మన్ గారి చెంప మీద వేలు పెట్టాడు. మర్నాడు మధ్యాహ్నానికల్లా లైన్‌మన్ బొజ్జయ్య ట్రాక్టరు మీద ట్రాన్స్‌ఫార్మర్ వేసుకుని దిగాడు. మోటారు ఆడింది, కాలువల్లో నీళ్లు పారాయి, చేను నిలబడింది. మధులత ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

ఇక మాట ఆగుతుందా? చండ్రుగొండ దాకా ప్రతి మోటారు గది దగ్గరా ఇదే ముచ్చట. కరెంటు పోతే చైర్మన్‌ను పొడవాలని చిన్నాపెద్దా అందరికీ తెలిసిపోయింది. కోపం ఎక్కువగా ఉన్నవాళ్లు రెండుసార్లు పొడిచేవారు.

మూడు నెలల సమీక్షలో అంకెలు బయటికొచ్చాయి. చైర్మన్ గారి ఫోటోను ప్రజలు తాకిన సందర్భాలు ఇరవై ఆరు వేల పైచిలుకు. ‘కరెంటు లేదు’ బటన్‌ను నొక్కినవారు సున్నా. వెంకటప్పయ్య గారు ఆ అంకెలు రెండోసారి చదివించుకున్నారు. ముప్పై ఏళ్ల ప్రజాజీవితంలో తనను ఇంతమంది ఇంత తరచుగా తలుచుకుంటారని ఆయన అనుకోలేదు.

వెంటనే కృతజ్ఞతా సభ పెట్టారు. అందరికన్నా ఎక్కువసార్లు ఫోటో తాకినవాడని బిచ్యాను పిలిపించి, ఆదినారాయణ గారు స్వయంగా వేదిక మీద మూడో కుర్చీ ఇచ్చారు. (రైతుకు అంతకు మించిన కుర్చీ ఇంతవరకూ నమోదు కాలేదు.) మైకు చేతికిచ్చి, సారు మీద ఇంత ప్రేమ ఎందుకో చెప్పమన్నారు. ఎక్కడో వెనక వరసలో మధులత రాస్తున్న నోట్‌బుక్ మూసేసింది. అసలు సంగతి తెలిస్తే ఫోటో మూగబోతుంది, ఉద్యోగం ఊడుతుంది, మళ్లీ చేలు ఎండుతాయి.

బిచ్యా లేచి, చైర్మన్ గారికి దండం పెట్టి, తనకు తెలిసిన నిజమే చెప్పాడు.

“కరెంట్ వోంగనే నాకు సారు మొకమే యాదికొస్తది. నాకొక్కనికే కాదు, మా తండ మొత్తానికి.”

చప్పట్లు ఎంతకీ ఆగలేదు. చైర్మన్ గారు శాలువా కొసతో కళ్లొత్తుకున్నారు. మధులత నోట్‌బుక్ ముఖానికి అడ్డం పెట్టుకుని, నవ్వు బయటికి రాకుండా పెదవి కొరుక్కుంది.

ఆ వారమే మండలి తన నివేదికను హైదరాబాదుకు పంపింది. మూడు నెలల్లో కరెంటు లేదని ఒక్క ఫిర్యాదు కూడా రాలేదని అందులో గర్వంగా రాసింది. అభినందన పత్రం తిరుగు టపాలోనే వచ్చింది. ఫిర్యాదులే లేని ప్రాంతానికి ట్రాన్స్‌ఫార్మర్లు దండగ కాబట్టి గోదాములో మిగిలినవాటిని అవసరమున్న జిల్లాకు తరలించవలసిందిగా ఉత్తర్వు కూడా ఆ కవరులోనే ఉంది.