భీమశంకరం గరాజ్‌లో వెలసిన స్వామి

ఆ శనివారం భీమశంకరం పెట్టుకున్న పని ఒక్కటే. మధ్యాహ్నం మంచు మొదలయ్యేలోగా మోటార్‌సైకిల్‌ని గరాజ్‌లోకి చేర్చి తలుపు వేసేయాలి. నేపర్‌విల్‌లో మంచు ముందుగా చెప్పి వస్తుంది. అదొక మేలు.

సగం పని సాఫీగానే సాగింది. ఖాళీ ట్యాంక్ తుప్పు పడుతుందని నిండా పెట్రోలు కొట్టించాడు. ఎలుకలు దూరకుండా సైలెన్సర్‌లో స్టీల్ పీచు కుక్కాడు. బ్యాటరీకి ఛార్జర్ తగిలిస్తే చిన్న పచ్చ లైటు వెలిగింది. ప్లాస్టిక్ కవరు కింద చెమ్మ చేరుతుందని, హ్యాండిల్ మీద హెల్మెట్ తగిలించి, పైనుంచి భార్య ఉష పాత నేతచీర కప్పాడు. ఉష పోయి మూడేళ్లయింది. వెనక సీట్లో కూర్చుని "కాస్త మెల్లగా" అంటూనే ఊళ్లన్నీ తిరిగిన మనిషి. ఆమె ఉంటే చేసేదే కదా అని, చీర మీద ఒక కుంకుమ బొట్టు, చక్రం ముందు రెండు నిమ్మకాయలు పెట్టాడు.

తలుపు మాత్రం మూసుకోలేదు. ముందు చక్రం అడుగు బయటికి ఉంది. బటన్ నొక్కినప్పుడల్లా తలుపు సగం దిగడం, చక్రాన్ని చూసి మళ్లీ పైకి పోవడం. లోపలికి జరుపుదామంటే చోటు లేదు. "మీరొక్కరే కదా" అంటూ తెలుగు సంఘం వాళ్లు తమ సామానంతా అక్కడే పెట్టారు. మడత కుర్చీలు, స్టేజీ తెరలు, టాయిలెట్ పేపర్ కట్టలు, ఇల్లు మారినప్పటి కేశవరావు అట్టపెట్టెలు. పెట్టె తెచ్చినవాళ్లు ఒక గిన్నెడు పప్పుచారు కూడా తెచ్చి కాసేపు కూర్చునేవారు. అందుకే ఆయన ఎవరినీ వద్దనలేకపోయాడు.

పదింటికి సంఘం కార్యదర్శి లక్ష్మీకాంతం ఇంకో రెండు టేబుళ్లు పెట్టిపోదామని వచ్చింది. కారు దిగి, నిలబడిపోయింది. చీర కింద రెండు అద్దాలు చేటల్లాంటి చెవుల్లా ఉన్నాయి. నడుమ హెల్మెట్ కిరీటంలా ఉంది. బొట్టుంది, పక్కన దీపంలా పచ్చ లైటుంది. ఆవిడ డ్రైవ్‌వే మీదే చెప్పులు విప్పేసింది.

"అన్నయ్యగారూ, రెండేళ్లుగా వెతుకుతున్నాం. స్వామి మీ దగ్గరే ఉన్నాడా?"

సంఘానికి ఒక ఫైబర్ వినాయకుడున్నాడు. పండగ అయ్యాక ఏటా ఎవరో ఒకరి గరాజ్‌కి వెళతాడు. రెండేళ్ల కిందట ఎవరి గరాజ్‌కి వెళ్లాడో ఎవరికీ గుర్తు లేదు. ప్రతివాళ్లూ పక్కవాళ్ల దగ్గర ఉన్నాడనుకున్నారు.

"అది నా మోటార్‌సైకిలమ్మా" అన్నాడు భీమశంకరం. అప్పటికే ఆవిడ చెవి దగ్గర ఫోనుంది. ఫొటో వాట్సాప్ గ్రూపులోకి వెళ్లిపోయింది.

గంటలో వీధంతా కార్లు. ఆ చలిలో పాపం అందరూ సాక్సులతో నిలబడ్డారు. ఉండ్రాళ్లు వచ్చాయి. స్వామి ఇంత పెద్దవాడని అనుకోలేదని ఎవరో అన్నారు. కేశవరావు వంగి, చీర అంచు కింద టైరు చూసి మెచ్చుకున్నాడు. "చక్రాల పీఠం చేయించారే. ఊరేగింపుకి సుఖం."

నిజం చెప్పేద్దామని భీమశంకరం మళ్లీ నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే లక్ష్మీకాంతం అందుకుంది. "స్వామి పక్కన టాయిలెట్ పేపరేంటండీ? ఎవరి సామాను వాళ్లు పట్టుకెళ్లండి. ఇప్పుడే."

భీమశంకరం నోరు మూసుకున్నాడు. కుర్చీలు వెళ్లాక చెబుదామనుకున్నాడు. తర్వాత, తెరలు కూడా వెళ్లాక చెబుదామనుకున్నాడు. మూడేళ్లుగా చూడని గోడ ఒకటి నెమ్మదిగా బయటపడుతుంటే, నిజానికి అంత తొందరేముందనిపించింది.

ఇంతలో లక్ష్మీకాంతం కర్పూరం వెలిగించబోయింది. భీమశంకరం చెయ్యి అడ్డం పెట్టాడు.

"అమ్మా, హారతి వద్దు."

"ఏం?"

"స్వామి కడుపులో నాలుగు గ్యాలన్ల పెట్రోలుంది."

అని చీర లాగేశాడు. హెల్మెట్ దొర్లుకుంటూ వెళ్లి ఉండ్రాళ్ల పక్కన ఆగింది. దణ్ణం పెట్టిన చేతులు దించాలో వద్దో ఎవరికీ తెలియలేదు.

"ఇందాకటి నుంచీ చెప్పరేంటండీ?" అంది లక్ష్మీకాంతం.

"మొదట చెప్పానమ్మా. తర్వాత చోటు వస్తుంటే చెప్పబుద్ధి కాలేదు."

ఆవిడ కర్పూరం సంచిలో పెట్టుకుని, సామానంతా మళ్లీ లోపల పెట్టేయమంది. బయట మొదటి మంచు తునకలు రాలుతున్నాయి. భీమశంకరం బైక్ వంక చూసి, చీర మడత పెట్టుకున్నాడు.

అప్పటికి కేశవరావు మూలనున్న తన ఆఖరి పెట్టెను ఈడ్చుకొస్తున్నాడు. లక్ష్మీకాంతం మాట విని చటుక్కున వదిలేశాడు. చివికిన అట్ట పక్కకి చినిగింది. బుడగల కవరులోంచి ఒక తొండం బయటికొచ్చింది.

అందరూ కేశవరావు వైపు తిరిగారు.

"మా ఆవిడ గ్రైండర్ అనుకున్నానండీ" అన్నాడాయన నెమ్మదిగా.

లక్ష్మీకాంతం మళ్లీ చెప్పులు విప్పింది. "స్వామి ఇక్కడే ఉన్నాడని పొద్దున్నే చెప్పాను. నా మాట ఎవరు విన్నారు?" అంది. స్వామి తనంతట తానే ఎంచుకున్న చోటు కాబట్టి ఇకనుంచి ఇక్కడే ఉంటాడని, ఈ గరాజ్‌లో ఎవరూ ఒక్క పెట్టె కూడా పెట్టకూడదని, శనివారాలు అందరూ వచ్చి దణ్ణం పెట్టుకోవాలని తీర్మానించింది. హారతి మాత్రం బయటే. వచ్చేవాళ్లు ఉత్త చేతులతో రారని భీమశంకరానికి తెలుసు.

బైక్‌ని గోడ దాకా జరిపి, మళ్లీ చీర కప్పి, బటన్ నొక్కాడు. తలుపు ఎక్కడా ఆగకుండా నేల దాకా దిగింది.

బైక్‌కి నైవేద్యం పెట్టిన ఉండ్రాళ్లు ప్రసాదం కాదని మాత్రం ఎవరూ అనలేదు.