పదకొండు నోళ్ళ నవల

“నా నవలని చంపింది పాఠకులే! ఆఖరి పేజీ ముందు చదివే జనానికి డిటెక్టివ్ నవల రాశాను చూడండి, నాకుండాలి బుద్ధి!” అని సత్తిరాజు రామచంద్రపురం బస్టాండులో మైకు పట్టుకుని అరిచాడు. ఇరవయ్యేళ్ళు ధర్నాలు నడిపిన గొంతు. ఆ గొంతుకి బస్సులు సైతం ఆగాయి. ఎలాగూ అక్కడ ఆగేవే అనుకోండి.

నవల పేరు ‘బోదె పూడ్చిందెవరు?’ నిరుడు ఊరి మురుగుబోదెని, అదే మురుగుకాలవని, ఎవరో మట్టి పోయించి పూడ్చారు. నీరు పోయే దారిలేక కౌలురైతు పాపాయి వరిచేను పొట్ట మీద ఉండగా కుళ్ళింది. బోదె పూడ్చిన రోజు ఆమె పక్కూరు కూలికి వెళ్ళింది. పూడ్చిందెవరో, చూసిందెవరో రాసిస్తేనే తవ్విస్తామంది మండలాఫీసు. “నేను రాస్తాగా!” అన్నాడు సత్తిరాజు. దరఖాస్తు రాయడం చిన్నతనమనిపించి, ఏకంగా నవలే రాశాడు.

ప్రజాస్వామ్యవాది కాబట్టి ఒక్కరి చేత చెప్పించడానికి మనసొప్పలేదు. పదకొండుమంది చేత చెప్పించాడు. ఎరువుల కొట్టు గున్నేశ్వరరావుగారు, టీచరు శ్రీదివ్యగారు, ఇంకా ఊళ్ళో పెద్దలు. అందరూ పట్టపగలు బోదె గట్టు మీదే ఉన్నారు. అందరూ సరిగ్గా అప్పుడే ఫోను చూసుకుంటున్నారు. అందరూ ‘తమరికి విన్నవించునది ఏమనగా’ అనే మొదలెడతారు. పదకొండో నోరు గేదెది. పాపం, మట్టి తెచ్చిన లారీ నంబరు చూసింది అదొక్కటే. చెప్పబోయేసరికి అధ్యాయం అయిపోయింది. ఆఖరి పేజీలో దోషి దొరికింది: వ్యవస్థ.

ఆవిష్కరణ సభ సత్యప్రసాద్ గారి కొత్త కల్యాణమండపంలో, ఆయన అధ్యక్షతనే జరిగింది. మండపం ముందు కార్లు పెట్టుకోడానికి చదునైన జాగా ఉంది. నిరుటిదాకా దాన్ని బోదె అనేవారు.

“ఒక్క మనిషిని నొప్పించకుండా వ్యవస్థని కడిగేశారండి! అదండీ మన గోదారోళ్ళ సంస్కారం!” అని అధ్యక్షులవారు శాలువా కప్పారు. మే నెల ఎండలో కూడా సత్తిరాజుకి అది హాయిగానే ఉంది.

వెనక వరసలోంచి పాపాయి లేచింది. “మా అమ్మాయి చేత మొత్తం చదివించుకున్నానండి. ఈ వ్యవస్థగారు ఏ వీధిలో ఉంటారండి? కాయితంలో రాయాలి. నాట్లొచ్చేస్తున్నాయి.”

సభ పగలబడి నవ్వింది.

“అది లోతైన విషయం పాపాయమ్మా,” అన్నాడు సత్తిరాజు.

“అవుననుకోండి. ఆ రోజు గట్టు మీంచి నాకు ఫోన్ చేసింది మీరే కదండీ, ‘బోదెలో మట్టి పోయిస్తున్నారు’ అని? మరి ఇందులో మీరెక్కడున్నారండి?”

సత్తిరాజు పుస్తకం ముందునుంచి వెనక్కి, వెనకనుంచి ముందుకి తిరగేశాడు. గేదెకి అధ్యాయం ఉంది. తనకి లేదు.

అందుకే మర్నాడు బస్టాండులో పాఠకుల మీద పడ్డాడు. అరగంట తిట్టి గుక్క తిప్పుకునేసరికి, ఎదురుగా పాపాయి నిలబడి ఉంది. చేతిలో దరఖాస్తు, పెన్ను.

మైకు కాసేపు కీచుమంది.

“పన్నెండో అధ్యాయం,” అన్నాడు సత్తిరాజు. “బోదె పూడ్చింది సత్యప్రసాద్. నేను చూశాను.” గారు లేకుండా ఆ పేరు ఆ నోట రావడం అదే మొదలు. సంతకం గీకాడు. “కథలో ఉన్న మిగతా పదిమందీ రండి! గేదెని వదిలేస్తున్నాను, దానికి సంతకం రాదు. మీకొచ్చు!”

బస్టాండులో జనమంతా ఒక్కసారే ఫోన్లు తీసి చూసుకోవడం మొదలెట్టారు.

“దించండి ఆ ఫోన్లు! మట్టి తియ్యాలి, నాట్లకి ముందే తియ్యాలి. ఈ కథ ఫోనులో చదువుతున్న మీరు కూడానండోయ్! మీ ఊళ్ళో బోదె ఎవరు పూడ్చారో మీకు తెలుసు. పేరు రాయండి!”