మా ఊటకు పట్టిన స్వేచ్ఛ

భూవినియోగ చట్టం లేని చోట బతకడమంత అదృష్టం మరొకటి లేదు! నమ్మకపోతే మా ఇంటికొచ్చి ఒక గ్లాసు మంచినీళ్ళు తాగి చూడండి. కాస్త నమలాల్సి ఉంటుంది, అంతే.

మూడేళ్ళ కిందట మా వాషింగ్టన్ రాష్ట్రం పెద్దలకు ఒక దుర్బుద్ధి పుట్టింది. ఎక్కడ ఇల్లు కట్టొచ్చు, ఎక్కడ క్వారీ తవ్వకూడదు అని చెప్పే చట్టం అప్పటిదాకా పట్నాలున్న కౌంటీలకే ఉండేది. దాన్ని మా సేజ్‌బెండ్ లాంటి పల్లె కౌంటీలకూ తగిలిస్తామన్నారు. మనుషులకన్నా ఆవులు ఎక్కువున్న చోట చట్టమెందుకండీ? ఆవులు చదువుతాయా?

అందరం టోపీలు పెట్టుకుని, బస్సు మాట్లాడుకుని, కొండలు దాటి రాష్ట్ర రాజధాని ఒలింపియా వెళ్ళాం. అక్కడ శాసనసభ కమిటీ ముందు మాట్లాడ్డానికి మనిషికి మూడే నిమిషాలు. నాకు రెండు చాలాయి.

"నా కంచె లోపల నేనేం చేసుకుంటే ఎవడిక్కావాలి? పక్కవాడి కంచె లోపల వాడేం చేసుకుంటే నాకేం కావాలి?" అన్నాను.

చప్పట్లు! మా కౌంటీని వదిలేశారు. తిరిగొచ్చాక రైతుల హాల్లో నాకు విందు. ఒక్క యాపిల్ పైలే పదకొండు! నా కాలేజీ చదువు ఇన్నాళ్ళకు పనికొచ్చిందని మా ఆవిడ వెల్డా కూడా ఒప్పుకుంది. మా పొరుగు రైతు డెల్మర్ అయితే నా ఉపన్యాసాన్ని ఈ పేపర్లోంచే కత్తిరించి ఫ్రిజ్ తలుపుకు అంటించుకున్నాడు. అభిమానం అనుకున్నాను.

పోయిన వేసవిలో అతను మా ఊటకు ఎగువనున్న తన గుట్టను కంకర కంపెనీకిచ్చాడు.

లాభాలు చూడండి! తెల్లారి అయిదింటికే క్రషర్ మొదలు; ఇంట్లో అలారం గడియారాలన్నీ అటకెక్కాయి. తెల్లదుప్పట్లు తీగ మీద ఆరేస్తే మధ్యాహ్నానికి వాటంతటవే రంగు అద్దుకుంటున్నాయి. కుళాయి తిప్పితే కాఫీ రంగు నీళ్ళు. ఆవులే కాస్త పేచీకోరువి. తొట్టి దాకా వచ్చి, మూతి పెట్టి, నా వంక ఒక చూపు చూసి వెళ్ళిపోతున్నాయి. చదవడం రాదనుకున్నానా, నన్ను బాగానే చదివాయి.

మా తాత ఆ ఊటను చూసే ఇక్కడ ఇల్లు కట్టాడు. అది పోతే మాకు వేరే నీటిచుక్క లేదు. ఇంటికీ లేదు, నూటపది ఆవులకూ లేదు.

కౌంటీ కమిషనర్ నాడీన్ దగ్గరకు పరుగెత్తాను. "దీన్ని ఆపే సెక్షన్ ఏదమ్మా?"

"ఉండాల్సింది, ఆ చట్టంలో ఆరో సెక్షన్. ఆ చట్టమే వద్దని బస్సేసుకుని పోయాం కదా! ముందు సీట్లో కూచున్నది నువ్వే."

డెల్మర్ దగ్గరకు వెళ్ళాను. నేను నోరు తెరిచేలోపే అతనే అందుకున్నాడు.

"నా కంచె లోపలే కదా అన్నా, తవ్విస్తున్నది?"

"నీళ్ళు నీ కంచె చూసి ఆగుతాయట్రా?"

"ఆ ముక్క అప్పుడు చెప్పలేదే! నీకు ఇంకో నిమిషం మిగిలింది కూడానూ."

ఈ ఏడు ఆ బిల్లు మళ్ళీ వచ్చింది. మంగళవారం బస్సు. 'పల్లెలకూ చట్టం కావాలి' అని గుండెలు కరిగేలా రాసి వెల్డాకు వినిపించాను. ఆమె నీళ్ళు బట్టలో వడగడుతూ వింది.

"బాగుందయ్యా. మరి ఏటి ఒడ్డున టూరిస్టులకు నాలుగు క్యాబిన్లు వేస్తానన్నావుగా? చట్టమొస్తే అవి వెయ్యనిస్తారా?"

మంచి ప్రశ్న! వెంటనే ఒక సవరణ చేర్చాను. చట్టం రావాలి, గుట్ట మొత్తం తిరగాలి, మా కంచె దగ్గరకొచ్చి, టోపీ తీసి, ఆగిపోవాలి. ఇందులో అన్యాయం ఏముందో మీరే చెప్పండి!

డెల్మర్ కూడా అదే బస్సెక్కుతున్నాడు. కొత్తగా రాసుకునే శ్రమ అతనికి లేదు. ఫ్రిజ్ మీద ఉన్నదే చదువుతాడట. నిన్న రెండు ఉపన్యాసాలూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాను.

నిజం చెప్పొద్దూ, పాతదే బాగుంది.