తాళాలత్త పిపీలికావిజయము

సకల కార్యాలయములకు తాళములు పడి, సమస్త యంత్రములు విశ్రాంతి గొని, ఉతికిన చొక్కాలు బాల్కనీలలో జెండాలవలె రెపరెపలాడు ఆదివారమున, భోజనానంతరము కనురెప్పలు తమంత తామే వాలిపోవు రెండు గంటల పదకొండు నిమిషముల శుభముహూర్తమున, మూడవ అంతస్తులో ఎడమచేతి వైపు ఇంటి ముందుగదిలో, ఒక కాలు పొట్టిదై అట్టముక్క దన్నుతో నిలిచిన భోజనబల్ల యెదుట, ఒక మహావీరురాలు కుర్చీ లాగుకొని కూర్చుండెను. దిక్కులు ప్రసన్నములయ్యెను. పక్కింటివారి ఆలస్యపు కుక్కరు మూడు కూతలు కూసి జయధ్వానము చేసెను.

ఎవరీమె యందురా, చెప్పెదను. పెద్దాసుపత్రిలో దుప్పట్లు, తలగడ గలీబులు, తువాళ్లు నిలువయుండు గోదామునకు ఇరువది తొమ్మిదేండ్లుగా ఏకైక అధికారిణి. తాళపుచెవుల గుత్తి గలగలల చేతనే వార్డు నర్సుల గుండెలు ఝల్లుమనిపించు ప్రచండప్రతాప. ఇండెంటు అనబడు కోరికచీటీ, ఆ చీటీపై రెండు సంతకములు లేనిదే సాక్షాత్తు ఇంద్రుడు దిగివచ్చి అడిగినను చేతిరుమాలైన విదల్చని వజ్రసంకల్ప. బంధువర్గమున "తాళాలత్త" అను బిరుదుతో విఖ్యాత. ఆమె గోదాములో ఏ అరయు ఏనాడును ఖాళీ పడి యెరుగదు. నిల్వ సున్నా అను మాట వినబడినచో ఆమె వెంటనే పోయి అరలన్నియు మరల లెక్కించును.

ఆమె యెదుట తెరచియున్నది మేనకోడలి ల్యాప్‌టాపు. అందున్నది ఆ మేనకోడలు పంతొమ్మిది నెలలు ఒంటిచేత్తో తయారుచేసిన చిన్న ఆట; పేరు "పుట్ట". మూడు గంటలలో ముగియును. బొత్తాము నొక్కినచో చీమకు ఒక గింజ దొరకును. గింజలిచ్చినచో మరికొన్ని చీమలు కొలువు చేరును. ఆ చీమలు తెచ్చు గింజలతో కొత్త గదులు, గదులు నిండినచో ఇంకను చీమలు. ఇట్లు అంకె పెరుగుచుండుటయే అందలి ఆనందము. కడపట మాత్రము ఒక చిత్రమైన బొత్తాము వచ్చును. కూడబెట్టిన గింజలన్నియు, ఒక్కటైన మిగుల్చక ఇచ్చివేసినగాని రాణిచీమ ఎగురదు, ఆట ముగియదు.

చిక్కు అక్కడనే వచ్చిపడెను. అంతకుమునుపు ఆడిచూచిన మిత్రులు ముగ్గురును ఆ బొత్తాము దాక వచ్చి, "ఇన్ని గింజలు ఎలా వదులుకుంటాం?" అని చేతులెత్తివేసిరి. సాయంత్రము ఆరు గంటలకు ఆట లోకము మీదికి విడుదల కావలెను. ఎవరును చెప్పకుండ, ఎవరును తొందరపెట్టకుండ, ఆలోపుగా ఒక్క మనిషి ఆ బొత్తాము నొక్కినచో ముగింపు నిలుచును. లేనిచో దానిని పీకివేసి, అంకెలు అంతులేక పెరుగునట్లు మార్చవలెనని మేనకోడలు నిశ్చయించుకొనెను. ఆ ముగింపు కొరకే తానీ ఆటంతయు కట్టితినను సంగతి ఆమె ఎవరికిని చెప్పలేదు. చెప్పబోయినచో ఏడుపు వచ్చునని భయము.

"లోకంలో మనుషులే దొరకలేదా? పోయి పోయి అక్కయ్య చేత గోదాము ఖాళీ చేయిస్తావా?" అని ఆమె తండ్రి వంటింట్లో గొంతు తగ్గించి అడిగెను. ఈతడు తాళాలత్తకు స్వయాన తమ్ముడు, వృత్తిచే బస్సు డ్రైవరు.

"అత్త నొక్కితే ఇంకెవరైనా నొక్కుతారు నాన్నా. నువ్వు మాత్రం నోరు విప్పకు."

"నేనా? నేనేం మాట్లాడతానే?" అని అతడు బిస్కెట్ల డబ్బా చంకనిడుకొని సోఫాలో స్థిరపడెను.

అంతట తాళాలత్త కళ్లజోడు ముక్కు కొసకు జార్చి, ఏండ్ల తరబడి రబ్బరుస్టాంపు కొట్టి రాటుదేలిన కుడిచేతి చూపుడువ్రేలిని మౌసుపై మోపెను. టక్! ఒక గింజ. టక్! రెండవది. టకటకటకటక! శరపరంపరవలె నొక్కులు కురిసెను. పది గింజలు పోగైనంతనే "పది గింజలిచ్చి ఒక చీమను పెట్టుకో" అను బొత్తాము పచ్చగా వెలిగెను. లోకములోని ఆటగాండ్రెల్లరు అచ్చట కన్ను మూసి నొక్కుదురు. తాళాలత్త దానిని ఎగాదిగా చూచెను.

"పదీ ఇచ్చేస్తే నా దగ్గరేం మిగులుతుంది?"

మేనకోడలు పెదవి కొరుకుకొనెను.

"ఏమీ మిగలదు. ఇదెక్కడి పద్ధతే? రేపు అర్జంటుగా ఏదైనా అవసరమొస్తే ఎవరిని అడగాలి?"

ఇట్లు పలికి ఆ వీరవనిత, చీమయన్నది లేకయే, కేవల స్వబాహుబలముచే నొక్కుటకు ఉపక్రమించెను. యాభై. నూరు. నూటయెనభై. చూపుడువ్రేలు తిమ్మిరెక్కెను, మణికట్టు మొరపెట్టెను, కుర్చీ కిర్రుమనెను. "అక్కా, ఆ చీమని..." అని తమ్ముడు లేవబోగా, కుమార్తె మెరుపువలె దూకి వాని నోట బిస్కెట్టు కుక్కెను. మూడువందల పన్నెండవ గింజకడ తాళాలత్త చేయి విదిలించి, నిట్టూర్చి, శాసనము చేసెను.

"సరే. మూడొందలు అట్టడుగు నిల్వ. అది ముట్టుకునేది లేదు. దానిమీద వచ్చిందే బయటికి ఇష్యూ చేస్తాను."

అప్పటినుండి చూడవలెను ఆ సేనాధిపత్యము! మిగులు గింజలతో చీమ వెనుక చీమ కొలువు చేరెను. గింజల దళమొకటి, ఆకుల దళమొకటి, మట్టి మోయు దళమొకటి. ఏ గది నిండినదో, ఏ గది వెలితియో ఆమెకు తెరవంక చూడకయే తెలియుచుండెను. "అదిగో, ఆ మూల నిలబడ్డదాన్ని చూడు, కదలదు మెదలదు! దీన్ని మట్టి పనిలో వెయ్యాలి," అని ఆమె గద్దించుచుండగా, ఆ చీమ బొమ్మను కుడికాలు కొంచెము ఎత్తి నిలుచునట్లు గీయుటకు మూడు రాత్రులు పట్టినదని మేనకోడలు చెప్పలేక చెప్పలేక ఊరకుండెను. వేలు పదివేలయ్యెను, పదివేలు లక్షయయ్యెను. తాళాలత్త ముఖము చాటంతయయ్యెను. ఆమె తన పనిలో ఎంతటి దిట్టయో ఇంటివారు కన్నులార చూచుట అదే మొదలు.

అయిదు గంటల పది నిమిషములకు తెరపై మబ్బులు కమ్మెను. పుట్ట నడుమ రాణిచీమ లేచి నిలిచెను. అక్షరములు మెల్లగా వెలువడెను: "వాన వస్తోంది. రాణి ఎగరాలి. ఉన్నదంతా ఇచ్చెయ్."

చూపుడువ్రేలు గాలిలో ఆగిపోయెను.

"సగం ఇస్తే కుదరదా?" అని ఆమె అడిగెను. ఆమె తెరపై నలుమూలల వెదకెను. సగమునకు బొత్తాము లేదు. అంతట కుర్చీ వెనుకకు నెట్టి, పూర్ణకాయముతో లేచి నిలిచి, ఫ్యాను రెక్కలు సైతము జంకునట్లు ఇట్లనెను.

"ఇరవై తొమ్మిదేళ్లు! వరదొచ్చినా, సమ్మె జరిగినా, పెద్ద డాక్టరుగారే వచ్చి తలుపు బాదినా నా అరలు ఖాళీ కాలేదు. ఎప్పుడడిగినా ఇంకో వంద దుప్పట్లున్నాయని గుండెమీద చెయ్యేసుకుని చెప్పాను. అలాంటిదాన్ని, ఒక చీమ ఎగరడానికి ఉన్నదంతా ఊడ్చిపెట్టమంటారా? నా వల్ల కాదు!"

ఇట్లు గర్జించి ఆమె మంచినీళ్లకై వంటింటికి నడిచెను. మేనకోడలు సోఫా దిండును గట్టిగా హత్తుకొనెను. నాలుగవ మనిషియు ఆగిపోయెను. ముగింపు తప్పే కాబోలునని ఆమెకు తోచెను. పంతొమ్మిది నెలలు ఒక్కసారి భుజములపై కూలబడినట్లయ్యెను. తండ్రి ఏదో చెప్పబోయి, కూతురి కన్నులు చూచి, మాటను దిగమ్రింగెను. మాట మ్రింగుట ఆయనకెంత కష్టమో ఆయన బస్సెక్కిన వారందరికిని తెలుసు.

తాళాలత్త గ్లాసుతో తిరిగివచ్చి, నిలుచుండియే తెరను చూచెను. గదులన్నియు నిండి, గింజ పెట్టుటకు తావు లేక, చీమలు మోసిన బరువుతోనే వరుసగా నిలిచియుండెను. ఆమె కూర్చుండి, ఎవరును అడుగకయే చెప్పెను.

"ఒకసారి కొత్త దుప్పట్లొచ్చాయి. రెండొందలు. ఎంత మెత్తగా ఉన్నాయో! అవసరానికుంటాయని పై అరలో దాచాను. పిల్లల వార్డు నుంచి రెండుసార్లు అడిగారు. పాతవే ఇచ్చి పంపాను. ఆరేళ్లకి తీసి చూస్తే, చెమ్మ పట్టి మడతల్లోనే చీకిపోయాయి. ఒక్కటంటే ఒక్కటి ఎవరూ కప్పుకోలేదు."

ఇచ్చట ఈ కథకుడు సైతము వేళాకోళము మానుచున్నాడు. ఆ మాట చెప్పినప్పుడు ఆమెకు సిగ్గు కలిగెను, అంతకు మించి బాధ కలిగెను. తమ్ముడు లేచి అక్క కుర్చీ వెనుక నిలిచెను.

"కాగితం, పెన్ను తేవే," అని తాళాలత్త మేనకోడలితో అనెను.

"ఎందుకత్తా?"

"ఎందుకేమిటి? ఇండెంటు లేకుండా ఇష్యూ చేస్తానా?"

కాగితము వచ్చెను. గీతలు గీయబడెను. ముత్యములవంటి అక్షరములతో ఆమె లిఖించెను: కోరువారు, రాణిచీమ. సరుకు, గింజలు. పరిమాణము, లక్షా నలభై రెండువేల ఆరువందల ఏడు. అనగా మూడువందల అట్టడుగు నిల్వతో సహా మొత్తము. కారణమను గడికడ ఒక్క క్షణమాగి, "ఎగురుటకు" అని వ్రాసెను.

"కోరినవాళ్ల సంతకం కావాలి. రాణి తరఫున ఎవరు పెడతారు?"

"నేను పెడతానక్కా!" అని మూడు గంటలుగా నోరు కట్టుకొన్న తమ్ముడు ఒక్క గంతు వేసెను. బుర్రమీసములవాడు, నలభై మందిని మోయు వాహనమును నడుపువాడు, చీమల మహారాణియై వంగి సంతకము చేసెను.

"తేదీ వెయ్యరా. తేదీ లేని చీటీ నేను తీసుకోను."

తేదీ పడెను. ఆమె తన సంతకము చేసి, చీటీని మడిచి, కళ్లజోడు పైకి తోసి, కన్నులు మూసికొని, వ్రేలు దింపెను.

టక్.

లక్ష జారెను, వేలు జారెను, వందలు జారెను. చీమలు గింజలెత్తి రాణి పాదములకడ కుమ్మరించెను. రెండు పలుచని రెక్కలు విచ్చుకొనెను. తొలి చినుకు రాలునంతలో రాణి పుట్ట విడిచి, మబ్బుల క్రిందుగా, తెర అంచు దాటి యెగిరిపోయెను. మూలన ఒక చిన్న సున్నా మిగిలెను.

తాళాలత్త ఒక కన్ను తెరచెను, పిదప రెండవది తెరచెను.

"ఇంతేనా సున్నా అంటే?" అని ఆమె ఆశ్చర్యముతో అడిగెను. "బానే ఉందే!"

మేనకోడలు అత్త మెడ కౌగిలించుకొని, నవ్వుచు ఏడ్చుచు, మూడు నిమిషములు వదలలేదు. పిమ్మట, ఆరు గంటలకు రెండు నిమిషములుండగా, ఒక్క అక్షరమైన మార్చక, ముగింపుతో సహా ఆటను లోకములోనికి విడిచెను.

ఇట్లు, ఆసేతుశీతాచలము నెవ్వరికిని తెలియకుండ, ఏ రాజ్యమును చేజిక్కించుకొనక, మూడు గంటల నలభై ఒక్క నిమిషముల ఘోరసంగ్రామమున, అశేషవస్త్రభాండాగారాధీశ్వరి తాళాలత్త ఒక బొత్తామును ఒకమారు నొక్కి దిగ్విజయము సాధించెను. ఈ గాథ చదివిన పుణ్యాత్ములు, ఎప్పటికైన పనికివచ్చునని బీరువా అడుగున దాచిన కొత్త తువాలును నేడే పైకి తీసి, హాయిగా ముఖము తుడుచుకొందురు గాక!