మంగాయమ్మ కిటికీ, మాస్టారి ఉదాహరణలు

ఎదురింటివాళ్లు కిటికీలోంచి మనింట్లోకి తొంగి చూస్తున్నారా? దణ్ణం పెట్టుకోండి! జీతం లేని వాచ్‌మన్, కరెంటు అక్కర్లేని సీసీ కెమెరా ఊరికే దొరికినట్టు.

ఏలూరులో తెలుగు మాస్టారు సుబ్రహ్మణ్యం గారికి మాత్రం ఈ అదృష్టం గిట్టలేదు. ఎదురింటి మంగాయమ్మ కర్టెన్ కదిలితే ఆయనకి ఒళ్లు మండేది. ఓరోజు వీధంతా వినేలా ఆవిణ్ణి "వేగులది" అనేశారు. అంటే ఏంటండీ అని ఆవిడ అడిగింది. పాఠం మొదలైంది. మాస్టారికి ఓ అలవాటుంది లెండి. ఏ మాటకైనా అర్థం, ప్రయోగం, పుట్టుక వరసగా చెప్పాలి. ఉదాహరణలన్నీ సొంతింట్లోంచే తేవాలి!

అంతలో అమ్మాయి లక్ష్మీప్రసన్నకి కైకలూరు సంబంధం వచ్చింది. పోతే మళ్లీ అలాంటిది దొరకదు. పెళ్లివారు వీధిలో వాకబు చేస్తారు, మంగాయమ్మ నోరు విప్పుతుంది, ఇక అంతే సంగతులు. అదీ మాస్టారి బెంగ. భార్య జయశ్రీ గారు పులిహోర గిన్నెతో ఎదురింటికి రాయబారం వెళ్లొచ్చారు.

పెళ్లికొడుకు మేనమామ వాకబుకి రానే వచ్చాడు, నేరుగా మంగాయమ్మ గుమ్మంలోకి. మంగాయమ్మ ఒక్క గుట్టూ చెప్పలేదు.

"నేను చెబితే వేగంటారండీ. ఆయన్నే అడగండి. వేగంటే ఏంటండీ అన్నారంటే చాలు, మిగతాది ఆయనే చూసుకుంటారు."

ఆయన వెళ్లి మాస్టారినే అడిగాడు. కైకలూరు నుంచి వచ్చానని కూడా చెప్పాడు పాపం. శిష్యుడు దొరికిన సంబరంలో మాస్టారికి ఊరి పేరు చెవికెక్కలేదు.

"అర్థం: రహస్యంగా సంగతులు సేకరించుట. ఆ పని చేయువాడు వేగులవాడు. ఇక ప్రయోగం. 'మా అమ్మాయికి అన్నం వార్చుట రాదని మంగాయమ్మ వేగు చూచెను.' 'నా భార్య నా జేబులపై వేగు పెట్టును.' పుట్టుక అంటారా, రాజుల కాలం నాటి మాటండీ. వేగులవాళ్లకి తెలియనిదంటూ ఉండేది కాదు. ఉదాహరణకి, మా అమ్మాయి జాతకంలో మేం ఓ ఏడాది తగ్గించాం. వాళ్లయితే ఇట్టే పట్టేద్దురు."

వంటింట్లోంచి జయశ్రీ గారు కాఫీ గ్లాసు పట్టుకుని పరుగున వచ్చారు. మేనమామ నమస్కారం పెట్టి బయటపడ్డాడు.

"ఎవరే ఆయన? ఎంత శ్రద్ధగా విన్నాడో" అన్నారు మాస్టారు.

"పెళ్లివారి వేగులవాడండీ" అన్నారు జయశ్రీ గారు ఏడుపు గొంతుతో.

సాయంత్రం కైకలూరు నుంచి ఫోన్ వచ్చింది. "మావాడికి వంటొచ్చండీ. వాడి జాతకంలోనూ ఓ ఏడాది తగ్గించాం, చెల్లుకు చెల్లు. సంబంధం ఖాయం. ఒక్కటే షరతు. మాస్టారు మా ఊళ్లో ఎవరికీ పాఠం చెప్పకూడదు."

మాస్టారు ఎదురింటికి వెళ్లి, అన్న మాటని అర్థంతో సహా వెనక్కి తీసుకున్నారు.

మంగాయమ్మ మాత్రం ఇప్పుడు కిటికీ మూసేసుకుని హాయిగా టీవీ చూసుకుంటోంది. తొంగి చూడాల్సిన పనేముందండీ? మాస్టారు వరండాలో ట్యూషన్ పెట్టారు, ఉదాహరణలతో సహా.