అనుభవం ఉన్నవారే ఫోన్ చేయవలెను

ఆ సోమవారం ఉదయానికి అంబాజీపేటలో బుచ్చిరాజుగారి కొబ్బరి కొట్లో పథకం సిద్ధంగా ఉంది. మద్రాసు వీసా ఆఫీసు నుంచి ఫోన్ వస్తుంది. బుచ్చిరాజుగారు ఎత్తి నమస్కారం చెబుతారు. పక్కనే కూర్చున్న ప్లీడరు నరసింహమూర్తిగారు రిసీవరు అందుకుని ఇంగ్లీషులో మాట్లాడతారు. రేచల్ నోరు మెదపదు. ఇందులో పొరపాటు జరగడానికి చోటే లేదని ప్లీడరుగారు ముందురోజే హామీ ఇచ్చారు.

రేచల్ అమలాపురంలో ఉండే రిటైర్డు హెడ్మాస్టరు సాలమోనుగారి అమ్మాయి. ఇంగ్లండులో ఎం.బి.ఏ. చదివి వచ్చింది. పళ్లూ, కొబ్బరికాయలూ దిగుమతి చేసుకునే అక్కడి కంపెనీ ఒకటి ఆమెకు ఉద్యోగం ఇస్తామంది. వీసా ఆఫీసు మాత్రం కుదరదంది. చేరబోయే పనిలో మీకు ఎలాంటి అనుభవమూ లేదు అని తేల్చేసి, కాదంటే అప్పీలు చేసుకోవచ్చని చివర్లో దయతలచింది.

"పని ఇస్తే కదండీ అనుభవం వచ్చేది? అనుభవం ఉంటేనే పనిలోకి రానిస్తామంటే పిల్ల ఎక్కణ్ణించి మొదలెట్టాలండీ?" అని తల్లి జ్ఞానమ్మ అడిగింది. ముప్పైయేళ్లు పాఠాలు చెప్పిన సాలమోనుగారికి కూడా దీనికి జవాబు తోచలేదు.

జవాబు బుచ్చిరాజుగారి దగ్గర దొరికింది. ఆయన సాలమోనుగారి పాత విద్యార్థి, ఒక్క ఇంగ్లీషులో తప్ప అన్నిటిలోనూ పాసైన మనిషి. కాలేజీ సెలవుల్లో రేచల్ ఆయన కొట్టుకు వచ్చి, కాయలు కొనే వేరే రాష్ట్రాల పార్టీలతో ఫోన్లో మాట్లాడిపెట్టేది. ఆ సంగతి రాసిస్తే అనుభవం కాకపోతుందా అన్నారాయన. రాసే బాధ్యత ప్లీడరుగారు తీసుకున్నారు. ఆయన కలం కింద పడేసరికి సెలవుల్లో చేసిన సాయం కాస్తా 'ఎక్స్‌పోర్టు మేనేజరు' ఉద్యోగమై కూర్చుంది.

"ఇది అబద్ధం మూర్తిగారూ," అన్నారు సాలమోనుగారు.

"అబద్ధం కాదండి, కాస్త ముందుగా చెప్పిన నిజం. అమ్మాయిని రేపట్నించి కొట్లో కూచోబెట్టండి. అదే నిజమైపోద్ది."

కాగితం అప్పటికే అప్పీలుతో పాటు మద్రాసు వెళ్లిపోయింది, సోమవారం ఫోన్ చేసి సరిచూసుకుంటామని వాళ్లూ అన్నారు కాబట్టి, దాన్ని నిజం చేయడం తప్ప సాలమోనుగారికి వేరే దారి లేకపోయింది. రేచల్ కొట్లో కూర్చుంది. కూర్చున్నాక ఊరికే ఉండలేకపోయింది. వానలో తడిసిన కాయ లారీ ఎక్కుతుంటే అడ్డం నిలబడి దింపించింది. టార్పాలిన్ కట్టకుండా బయల్దేరిన డ్రైవర్ని రోడ్డు మీద ఆపి వెనక్కి తెచ్చింది. ఆ వారం కొట్లో లారీలకి కాయలెత్తే జమాలీలు బుచ్చిరాజుగారి కంటే ఆమెకే ఎక్కువ భయపడ్డారు.

సోమవారం సాలమోనుగారితో సహా అందరూ కొట్లో టీలు తాగుతుండగా ఫోన్ మోగింది. బుచ్చిరాజుగారు లేచి నిలబడి ఎత్తారు.

"మద్రాసంటండి!" అని వేడి గిన్నె అందించినట్టు రిసీవరుని ప్లీడరుగారి చేతిలో పెట్టేశారు.

లైన్లో గరగర. అవతలి మనిషి ఇంగ్లీషులో హడావుడి పడుతున్నాడు. "మీరు పంపిన ఉత్తరం అందింది. వివరాలు సరిచూసుకోవాలి. అంతా మెచ్యూరేనా?"

"వెరీ మెచ్యూర్ సార్," అన్నారు ప్లీడరుగారు. "చూస్తేనే తెలిసిపోద్ది."

"చూసి మోసపోయాను పోయినసారి. లోపల ఖాళీ."

ప్లీడరుగారికి రోషం వచ్చింది. "ఖాళీయా? ఇంగ్లండులో చదివిన బుర్ర సార్ అది!"

అవతలివాడు విసుక్కున్నాడు. "సరే, ఎన్ని పంపగలరు?"

"ఒక్కటే సార్. వాళ్లకి ఉన్నదే ఒక్కటి."

"ఒక్కటా? నేను లారీ మాట్లాడేశానయ్యా!"

"లారీ ఎందుకు సార్? విమానంలో వెళ్తుంది కదా."

"నాతో వేళాకోళమా?" అని అవతలివాడు కేకేశాడు. "క్యాన్సిల్! మొత్తం క్యాన్సిల్!"

ఫోన్ టక్కుమంది. ప్లీడరుగారు రిసీవరు నెమ్మదిగా పెట్టి, కళ్లజోడు తుడుచుకున్నారు. "చాలా కఠినమైన ఆఫీసరండి. క్యాన్సిల్ అన్నాడు."

రేచల్ చేతిలో ఉన్న కొబ్బరికాయని పక్కన పెట్టి గోడవైపు తిరిగి కూర్చుంది. సాలమోనుగారు కూతురి భుజం మీద చెయ్యి వేశారు. అక్కడి ఉద్యోగం మీద ఆమె ఎంత ఆశ పెట్టుకుందో ఆయనొక్కరికే తెలుసు.

అది చూడలేక బుచ్చిరాజుగారు స్కూటరు తాళం తీశారు. "ఐనవిల్లి వెళ్లి వినాయకుడికి బుట్టెడు కాయలు కొట్టొస్తానండి. ప్లీడరుగారూ, మీరూ రండి. చెడగొట్టింది మీరే." వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగారు. "అమ్మా రేచల్, మన మద్రాసు పార్టీ ఇవాళ ఫోన్ చేస్తాడు. కొత్తగా ఎవరో లేడీ సెక్రటరీని పెట్టేడంట. తీయగా మాట్లాడి రేటు తెగ్గోస్తాదంట. నువ్వు మాత్రం తగ్గకు తల్లీ."

"ఆయ్, తగ్గను బాబాయిగారూ," అంది రేచల్. ఆ పూట ఆమెకు ఎవరి దగ్గరా తగ్గే ఉద్దేశం లేదు.

వాళ్లు వెళ్లిన కాసేపటికే ఫోన్ మోగింది. ఆడగొంతు. మంచి ఇంగ్లీషు. "మద్రాసు నుంచి మాట్లాడుతున్నాను. ఎక్స్‌పోర్టు మేనేజరుతో మాట్లాడవచ్చా?"

"నేనే. చెప్పండి."

"మీరు అక్కడ సరిగ్గా ఏం పని చేస్తారో తెలుసుకుందామని."

రేచల్‌కు ఒళ్లు మండింది. "ఏం చేస్తానా? మీరు ఏసీ గదిలో కూర్చుని 'కాయ బూజు పట్టింది' అని ఉత్తరం రాస్తారు చూడండి, ఆ బూజు పట్టకుండా చూస్తాను. తడి కాయని దింపిస్తాను. లేత కాయని ఏరిస్తాను. మధ్యలో లారీ ఆగిపోతే డ్రైవర్ని నిద్ర లేపుతాను. ఇంతకీ మీరెప్పుడైనా కొబ్బరికాయని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశారా?"

"లేదు," అంది ఆ గొంతు కొంచెం కంగారుగా.

"లారీ లోడవుతుంటే చూశారా?"

"లేదండీ."

"ఈ పనిలో చేరి ఎన్నాళ్లయింది?"

"కొత్తగానే వచ్చాను."

"అదీ సంగతి. మీకు ఈ పనిలో ఎలాంటి అనుభవమూ లేదు. అందువల్ల మీరు అడగబోయేది నేను తిరస్కరిస్తున్నాను. అనుభవం ఉన్నవాళ్లని ఫోన్ చేయమనండి."

"దీని మీద నేను అప్పీలు చేసుకోవచ్చా?"

"చేసుకోండి. కానీ రాతపూర్వకంగా."

"తప్పకుండా. థాంక్యూ మిస్ రేచల్. మీ వీసా అప్పీలు మీద నిర్ణయాన్ని కూడా రాతపూర్వకంగానే పంపుతాం."

రేచల్ రిసీవరు పెట్టేసి తండ్రి వైపు తిరిగింది. "నాన్నగారూ," అంది. "నేను వీసా ఆఫీసుని రిజెక్టు చేసేను."

సాలమోనుగారు కుర్చీలో వెనక్కి వాలారు. "మరి పొద్దున్న మాట్లాడిందెవరమ్మా?"

అది కూడా తొందర్లోనే తేలింది. కుంకుమ బొట్లతో, కొబ్బరిచిప్పల సంచితో బుచ్చిరాజుగారూ ప్లీడరుగారూ దిగేసరికి మూడో ఫోన్ వచ్చింది. అసలు మద్రాసు పార్టీ! "రాజుగారూ, మీ దగ్గరున్నది ఒక్క కాయేనా? అదీ విమానంలో పంపుతారా?" అని వచ్చీరాని తెలుగులో అరుస్తున్నాడు. బుచ్చిరాజుగారు ప్లీడరుగారి వైపు చూశారు. ప్లీడరుగారు కొబ్బరిచిప్పల వైపు చూశారు. చివరికి రేచల్ ఫోన్ లాక్కుని క్షమాపణ చెప్పింది. పోయినసారి లోడులో కాయలు ఎందుకు ఖాళీగా వచ్చాయో విప్పి చెప్పింది. ఈసారి ప్రతి కాయా తను ఊపి చూశాకే ఎక్కిస్తానంది. పార్టీ చల్లబడ్డాడు. లారీ బయల్దేరింది.

ప్లీడరుగారు మాత్రం చల్లబడలేదు. ఆ రెండో ఫోన్ చట్టప్రకారం చెల్లదని, టెలిఫోన్ లైను సరిగా లేదని, అమ్మాయికి ఆ రోజు జ్వరమని అఫిడవిట్ వేద్దామన్నారు.

"ఇంక మీరు రాయకండి మూర్తిగారూ," అన్నారు సాలమోనుగారు. "అమ్మా, నువ్వే రాయి. సెలవుల్లో ఎన్నాళ్లు చేసేవో, ఇప్పుడెన్నాళ్లు చేసేవో ఉన్నదున్నట్టు రాయి. మేనేజరన్న మాట మాది, నీది కాదని కూడా రాయి. ఫోన్ చేసినామెను అలా అన్నందుకు క్షమించమను."

"అలా రాస్తే వీసా రాదు నాన్నగారూ."

"రాకపోతే రాదు. అడిగింది అనుభవం గురించి. ఇది కూడా ఒక అనుభవమే."

రేచల్ ఏడ్చుకుంటూనే రాసింది. జ్ఞానమ్మ ప్రతి ఆదివారం చర్చిలో ఆ ఉత్తరం కోసం విడిగా ప్రార్థన చేసింది. దాంతోపాటు ప్లీడరుగారి కలం ఎండిపోవాలని కూడా చేసిందని ఇంట్లోవాళ్ల అనుమానం.

వర్షాలు వెనకబట్టాక కవరు వచ్చింది. అప్పీలు ఆమోదించారు. జతపరిచిన పత్రాల్లో నమ్మదగినవి ఏవీ కనబడలేదని, దరఖాస్తుదారు ఫోన్లో తమ ఉద్యోగిని తిరస్కరించిన తీరు మాత్రం ఆ పని తెలిసినవాళ్లకే సాధ్యమని అందులో ఉంది. ఆ తర్వాత రాసిన నిజం తమ నిర్ణయాన్ని తేలిక చేసిందట. అట్టడుగున చేత్తో ఒక వాక్యం: 'కొబ్బరికాయ కొని ఊపి చూశాను. మీరు చెప్పింది నిజమే.'

సాలమోనుగారింట్లో పాయసం వండారు. బుచ్చిరాజుగారు వచ్చి రేచల్ నెత్తిన చెయ్యి పెట్టి దీవించారు గానీ, పాయసం ముట్టలేదు. ఆయన బాధ ఆయనది. మద్రాసు పార్టీ ఇప్పుడు రేచల్‌తో తప్ప మాట్లాడనంటున్నాడు. ఒరిస్సా పార్టీ కూడా అదే మాట. కొట్లో జమాలీలు ఆమె చెబితే తప్ప టార్పాలిన్ కట్టడం లేదు.

ఆ సాయంత్రం ఆయన ఎవరికీ చెప్పకుండా అమలాపురంలో ప్లీడరుగారి ఆఫీసు మెట్లెక్కారు.

"మూర్తిగారూ, మాటవరసకి అడుగుతున్నానండి. వచ్చేసిన వీసా మీద, పిల్ల వెళ్లిపోతే నష్టపోయేవాళ్లు అప్పీలు చేసుకోవచ్చాండీ?"

నరసింహమూర్తిగారు తలుపు దగ్గరగా వేసి వచ్చి, కలంలో సిరా నింపుకున్నారు.